వీనసు దేవి యద్దము

నేటి నా ప్రసంగమునకు విషయము ఒక పటము. అది మన దేశమున పుట్టినది కాదు. అందలి దేవత మన దేవత కాదు. సుమారు 370 సంవత్సరముల క్రిందట స్పెయిను దేశపు చిత్రకారు డొకడు వ్రాసిన వీనసు దేవి పటమది. వీనసు పాశ్చాత్యులకు ప్రేమాధిదేవత. ఆత్మకూరు, ఉదయగిరి సీమల పల్లెలలో అరుగులమీద కూర్చుండి వినుచున్న పెద్దలకు ఈ పటముతో నేమి పని యని మీ రడుగవచ్చును. పని కలదు. మన గుళ్ళ స్తంభములమీది బొమ్మలలో ఏది నిలువవలెనో, దేనికి సున్నము పూయవలెనో జీర్ణోద్ధారణ సమయమున నిర్ణయించువారు మీరే. అట్టి నిర్ణయ మొకటి జరుగుచుండగా నేను నోరు మూసికొని చూచితిని. ఆ సంగతి చెప్పుకొనుటకే ఈ పటమును ముందు పెట్టుచున్నాను.

నేను ఆత్మకూరులో చిత్రలేఖనోపాధ్యాయుడుగా నుంటిని. ఉద్యోగమున చేరిన క్రొత్తలో మదరాసు మూరుమార్కెట్టులోని పాతపుస్తకముల అంగడిలో ఒక చిత్రసంపుటమును కొంటిని. అందలి వీనసు పటమును విడదీసి, చట్రము కట్టించి, నా గదిలో వ్రేలగట్టితిని. కొన్నాళ్ళకు మా పెదనాయనగారు ఊరినుండి వచ్చిరి. ఆయన ఉదయగిరి త్రోవలోని మా స్వగ్రామమున పెద్దమనిషి. భారత భాగవతములు చదివినవారు. ఊరి గుడికి పెత్తనము చేయువారు. కాళ్ళు కడుగుకొని లోపలికి వచ్చి, పటము చూచి, ఒక క్షణము నిలిచి, దానిని గోడవైపునకు త్రిప్పిరి. "అబ్బాయీ, ఆడపిల్లలు తిరుగాడు ఇల్లు. ఈ పటము మన కేల?" అనిరి. నేను బదులు చెప్పలేదు. బదులు నాకు తెలియకయే పోయెను. బాగున్నదని కొంటిని గాని, ఎందులకు బాగున్నదో అప్పటికి నేనును ఎఱుగను.

ముందుగా ఈ దేవత నెఱుగుదము. గ్రీకులు ఆఫ్రొడైటి యనియు, రోమకులు వీనసు అనియు పిలిచిన యీమె సముద్రపు నురుగునుండి పుట్టినదని వారి పురాణములు చెప్పును. పాలకడలినుండి లక్ష్మి పుట్టుట మన మెఱిగినదే. వీనసు కుమారుడు క్యూపిడు. వానికి విల్లు, బాణములు, ఱెక్కలు కలవు. లక్ష్మీకుమారుడు మన్మథుడు, అతనికి చెఱకువిల్లు, పూబాణములు కలవు. మనము శుక్రుడని పిలుచు గ్రహమునకు వారు పెట్టిన పేరు వీనసు. మన శుక్రవారమే స్పెయిను భాషలో ఆమె పేర వెలసిన వారము. ఇన్ని పోలికలున్నను ఒక భేదము కలదు. మన మన్మథుడు శివుని కంటిమంటకు కాలి అనంగుడయ్యెను. వారి ప్రేమదేవత కట్టి కాలుట లేదు. కాని ఆమె పటములు మాత్రము నిప్పును, కత్తిని, గొడ్డలిని తప్పించుకొనుచు బ్రదుకవలసి వచ్చెను.

మన సీమకు ఈ చర్చ క్రొత్తది కాదు. 15వ శతాబ్దమున నంది మల్లయ, ఘంట సింగయ అను జంటకవులు ప్రబోధచంద్రోదయమును తెనిగించి, ఉదయగిరి నేలిన బసవరాజునకు మంత్రియైన అనంతామాత్య గంగయ కంకితము చేసిరి. సంస్కృతమున ఆ నాటకమును రచించినవాడు కృష్ణమిశ్రుడు. అందు రతీమన్మథులు దంపతులుగా రంగముమీదికే వత్తురు. మన్మథుడు తన బలమును పొగడుకొనును. రతి వివేకుని తలచి భయపడును. తుదకు గెలుపు వివేకునిదే. ఉదయగిరి కొలువువారు రతీమన్మథులను చాటునకు నెట్టక, సభలో నిలిపి, వారి మాట విని, అటుపై వివేకునకు పట్టము కట్టిరి. ఈ వరుసను మీరు జ్ఞాపకముంచుకొనగోరెదను.

ఇక పటము సంగతి. దానిని వ్రాసినవాడు డియెగో వెలాస్కెథ్. 1599లో పుట్టి 1660లో మరణించెను. స్పెయిను రాజు నాలుగవ ఫిలిప్పునకు ఆస్థానచిత్రకారుడు. ఆ కాలమున యూరపుఖండమంతట బరోకు అను చిత్రరీతి వ్యాపించి యుండెను. చీకటిలోనుండి వెలుగును ఉబికించుట, పట్టుబట్టల మడతలను చేతికి తగులునట్లు వ్రాయుట, కదలుచున్న క్షణమును పట్టుకొనుట ఆ రీతికి లక్షణములు. స్పెయినులో ధర్మాధికారులు నగ్నచిత్రములను నిషేధించిరి. అందుచేత అచటి చిత్రకారులు అట్టివి వ్రాయుట చాల అరుదు. వెలాస్కెథ్ వ్రాసిన నగ్నచిత్రములలో నేడు మిగిలినది ఇది యొక్కటియే. 1651లో మాడ్రిడునగరపు టొక ఆస్తిపట్టికలో దీని ప్రసక్తి కానవచ్చును.

పటము ఎత్తు సుమారు 4 అడుగులు, వెడల్పు 6 అడుగులకు కొంచెము తక్కువ. దేవి మనకు వీపు చూపి, బూడిదవన్నె పట్టుదుప్పటిమీద పవ్వళించి యున్నది. వెనుక ఎఱ్ఱని తెర. ఒంటిమీద నగ లేదు. తలలో పువ్వు లేదు. దేవతయని చెప్పు కిరీటము లేదు. ఆమె యెదుట క్యూపిడు మోకాళ్ళమీద నుండి ఒక అద్దమును పట్టుకొని యున్నాడు. వాని చేతిలో విల్లును లేదు, బాణమును లేదు. ఆ బాలుని ఱెక్కలను బట్టియే ఆమె వీనసు అని పోల్చుకొనవలెను. ముఖము అద్దములో మాత్రమే కానవచ్చును. అదియు మసకగా నున్నది.

ఆ అద్దముకడనే చిత్రకారుని యుక్తి యంతయు కలదు. చూచువారందరు దేవి తన యందమును తానే చూచుకొనుచున్నదని తలతురు. అది పొరపాటు. మీ యింట పరీక్షించి చూడుడు. గోడకు అద్దము తగిలించి, మనుమరాలిని దాని కొక ప్రక్కగా నిలిపి, మీరు వెనుకగా రెండవ ప్రక్కన కూర్చుండుడు. అద్దములో ఆమె ముఖము మీ కగపడు చోటనే ఆమెకు మీ ముఖ మగపడును. తన ముఖ మగపడదు. ఇది వెలుగునకు సహజమైన ధర్మము. మంగలివాని కుర్చీలో కూర్చుండి వెనుకవానితో అద్దములో మాటలాడిన ప్రతివానికి తెలిసినదే. కావున పటములోని దేవి ముఖము మనకు కానవచ్చుచున్న దనగా, ఆమె చూచుచున్నది తన్ను కాదు, మనలను. మనము ఆమెను చాటుగా చూచుచుంటి మనుకొనుచుండగా, ఆమె మనము చూచు తీరును చూచుచున్నది. సిగ్గుపడవలసిన చూపుతో వచ్చినవాడు అద్దములో ఆ కన్నులను ఎదుర్కొనక తప్పదు.

ఈ సంగతి నాకు తెలియుటకు ఇరువది యేండ్లు పట్టినది. పిల్లలకు అద్దపు ప్రతిబింబములను గీయుట నేర్పుచు, నల్లబల్లమీద గీతలు గీయుచుండగా తటాలున తట్టినది.

ఆ పటము ఎన్నో చేతులు మాఱినది. మొదట స్పెయిను ప్రభువు లొకరి యింట నుండి, పెండ్లిసంబంధమువలన ఆల్బా వంశమువారికి చేరెను. 1802లో రాజు నాలుగవ చార్లెసు ఆజ్ఞచే మంత్రి గొదోయికి దక్కెను. 1808లో గొదోయి పతనమయ్యెను. నెపోలియను సేనలు స్పెయినును కలచివైచెను. ఆ యుద్ధపు గందరగోళములో పటము ఇంగ్లండు చేరగా, 1813లో మారిటు అను పెద్దమనిషి 500 పౌనులకు కొని, యార్కుషైరులోని రోక్బీ యను తన భవనమున ఉంచెను. అందువలననే నేటికిని దానిని రోక్బీ వీనసు అందురు. 1906లో జాతీయ కళానిధి సంఘమువారు 45,000 పౌనులకు కొని లండనులోని జాతీయ చిత్రశాల కిచ్చిరి.

యుద్ధములతోపాటు విగ్రహములు తరలిపోవుట ఉదయగిరివారికి వేఱుగ చెప్ప నక్కఱలేదు. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరిదుర్గమును ముట్టడించి, 1514లో గజపతులనుండి గెలిచికొని, ఇచటి బాలకృష్ణుని విగ్రహమును విజయనగరమునకు కొనిపోయి, దానికై గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠించెను. 1565 తరువాత ఆ నగరము పాడుపడెను. భిన్నమైన ఆ విగ్రహము నేడు చెన్నపట్టణపు ప్రభుత్వ ప్రదర్శనశాలలో నున్నది. మన కొండమీది కృష్ణునకు పట్టిన గతి యిది. చేతులు మాఱుచు బ్రదుకు రూపములకు గాయములు తప్పవు.

వీనసు పటమునకు గాయము 1914 మార్చి 10వ తేదీన తగిలెను. మేరీ రిచర్డుసను అను స్త్రీ మాంసము నఱకు కత్తిని బట్టలలో దాచికొని చిత్రశాలలోనికి పోయి, గాజును పగులగొట్టి, దేవి వీపుమీద పలుమాఱులు నఱికెను. ఆమె పిచ్చిది కాదు, దొంగ కాదు. ఇంగ్లండులో స్త్రీలకు ఓటుహక్కు కావలెనని పోరాడిన దళములోనిది. ఆ దళమునకు నాయకురాలగు పాంకుహర్‌స్టు అమ్మను అంతకు ముందునాడే ప్రభుత్వము పట్టుకొనెను. పురాణములలోని అందగత్తె చిత్రమును కాపాడుటకు అంత శ్రద్ధ చూపు ప్రభుత్వము, సజీవయైన ఉత్తమురాలిని హింసించుచున్నదని రిచర్డుసను వాదించెను. ఆమెకు ఆఱు నెలల చెఱసాల విధించిరి. చిత్రశాలలోని నిపుణులు కత్తిగాట్లను అతి నేర్పుతో పూడ్చిరి.

ఆ స్త్రీ కోరినది న్యాయమే. 1918లో ఇంగ్లండున ముప్పది యేండ్లు దాటిన స్త్రీలలో కొందఱికి, 1928లో పురుషులతో సమానముగా నందఱికి ఓటు లభించెను. మన మదరాసు రాజధానిలో 1921లోనే కొందఱు స్త్రీలకు ఆ హక్కు వచ్చెను. ఐనను ఆమె కత్తి తగిలినది ప్రభుత్వమునకు గాదు, నోరులేని గుడ్డకు. చాల యేండ్లకు, 1952లో, ఆమె మఱియొక మాట చెప్పెను. ఆ పటమును మగవారు దినమంతయు నోరు తెఱచుకొని చూచుట తనకు నచ్చలేదనెను. ఇది ఆలోచింపదగిన మాట. తప్పు చూచువాని కన్నులలో నున్నదని ఆమె గ్రహించెను. కాని చిత్రకారుడు 260 ఏండ్లకు ముందే ఆ తప్పునకు ఎదురుగా అద్దమును నిలిపి యుండెను. దానిని చూచియుండినచో ఆమెకు ఆ పటము శత్రువుగా తోచక, చెలికత్తెగా తోచి యుండునేమో! ఆ పటమునకు 2023 నవంబరు 6వ తేదీన మరల దెబ్బ తగిలెను. వాతావరణము చెడుచున్నదని మొఱపెట్టు యువకు లిద్దరు దాని గాజును సుత్తులతో పగులగొట్టిరి.

ఇక మా యూరికి వత్తును. మా గుడి మండపమునకు పండ్రెండు రాతిస్తంభములు కలవు. వానిమీద దశావతారములు, సింహములు, కోలాటమాడు స్త్రీలు. ఒక స్తంభముమీద ఒక వనిత ఒయ్యారముగా నిలిచి, ఒక చేత అద్దము పట్టి, రెండవ చేత తిలకము దిద్దుకొనుచున్నది. ఇట్టి రూపము మన శిల్పులకు చిరపరిచితము. 1117లో వెలసిన బేలూరు చెన్నకేశవాలయమున దర్పణసుందరి పేరు దేశమంతట ప్రసిద్ధము. నేను పటమును గోడకు తగిలించిన మఱుసటి యేడు మా గుడికి జీర్ణోద్ధారణ తలపెట్టిరి. పెద్దలు మండపమున కూడిరి. స్తంభములమీది ఆడుబొమ్మలకు సరియైన వస్త్రములు లేవనియు, పిల్లలు నవ్వుచున్నారనియు ఒకరనిరి. మందముగా సున్నము కొట్టించినచో అన్నియు కప్పబడునని మఱియొకరనిరి. పెదనాయనగారు నావైపు తిరిగి, "నీవు చిత్రకారుడవు గదా, ఏమందువు?" అని అడిగిరి.

శ్రోతలారా, ఆయన నిజముగా నడిగిరి. నా మాటకై సభ యంతయు ఒక క్షణము వేచినది. గోడవైపునకు త్రిప్పబడిన నా పటము నాకు జ్ఞాపకము వచ్చి, నేను తల వంచుకొంటిని. "మీ యిష్టము, పెదనాయనా" అంటిని. మూడుదినములలో పండ్రెండు స్తంభములును తెల్లనయ్యెను. తరువాత ఏటేట పండుగకు పూత పడుచునే యుండెను. కొన్నాళ్ళకు ముక్కులు, వ్రేళ్ళు, నగలు సున్నములో మునిగి, బొమ్మలు పిండిముద్దల వలె నాయెను. అద్దము పట్టుకొన్న వనిత చేతిలోనిది ఏమని పిల్లల నడిగితిని. "అప్పడము" అనిరి. నవ్వు రాలేదు. ఒక తరమువారు ఆ స్త్రీ అప్పడము తినుచున్నదనుకొనుచు పెరిగిరి.

అద్దపు రహస్యము నాకు తెలిసిన తరువాత ఒక సెలవులలో ఊరికి పోయి, ఆ పటమును పెదనాయనగారి ముందు పెట్టితిని. అప్పటికి ఆయనకు ఎనుబది యేండ్లు. ఈ మాఱు త్రిప్పివేయకుడని వేడుకొని, గోడకున్న అద్దముముందు మా చెల్లెలి కూతురిని నిలిపి, ఇంతకుముందు మీకు చెప్పిన పరీక్షను ఆయనచేత చేయించితిని. ఆయన రెండు మూడు మాఱులు చోటు మార్చి కూర్చుండి చూచిరి. "అట్లయిన ఆమె చూచుచున్నది మననన్నమాట" అనిరి. చాలసేపు మాటాడలేదు. తరువాత, "మన గుడిలోని ఆమె చేతిలోనిదియు అద్దమే కదురా? ఆనాడు నే నడిగినప్పుడు చెప్పవలసినది" అనిరి. ఆయన కోపముతో అనలేదు. నే నది మఱవలేదు.

ఆ స్తంభము నొక్కదానిని శుభ్రపఱచుటకు ఆయన పూనుకొనిరి. శిల్పసంరక్షణ మెఱిగిన ఒక పెద్దమనిషిని అడిగి, ఆయన చెప్పినట్లు తడిగుడ్డలు చుట్టి నాననిచ్చి, వెదురుపుల్లలతో పొర వెంబడి పొర తీయించితిమి. ఇనుము తగులనీయలేదు. ఒక స్తంభమునకు పందొమ్మిది దినములు పట్టెను. అద్దము వెలికివచ్చినది, తిలకము దిద్దు వ్రేలు వచ్చినది. ముక్కుకొన మాత్రము రాలేదు. ఎప్పుడో ఒకపరి పూతకు ముందు పాతసున్నమును గోకించినప్పుడు అది పోయినది. పెదనాయనగారు కఱ్ఱ యానుకొని ఆమె యెదుట నిలువబడి, చూచి, పైపంచె సరిచేసికొనిరి. మఱుసటి సంవత్సరము ఆయన పరమపదించిరి. తక్కిన పదునొకండు స్తంభములు నేటికిని సున్నములోనే యున్నవి. వానికి పూనుకొనువారు లేరు. ఆనాటి నా మౌనమునకు అవి సాక్షులు.

ఇందువలన నేను పెద్దలకు మనవిచేయునది స్వల్పము. మీ గుడి బాగుచేయించునప్పుడు మొదట ప్రతి స్తంభమునకు ఛాయాచిత్రము తీయించుడు. రాతిబొమ్మలకు సున్నముగాని, నూనెరంగుగాని పూయింపకుడు. పాతపూత తీయవలసి వచ్చినచో ఉలితో గోకింపకుడు; గాలియంత్రముతో ఇసుకను కొట్టింపకుడు; అది మురికితోపాటు శిల్పపు పైపొరను తినివేయును. పురావస్తుశాఖవారి నడిగిన పిదపనే చేయి పెట్టుడు. ఒక బొమ్మ మీ మనస్సునకు సరిపడనిచో, దానిని కప్పుటకు ముందు దాని చేతిలో నున్న దేమో చూడుడు. ఊరిలో తెలిసినవారిని పిలిచి యడుగుడు. మీ రడిగినప్పుడు చదువుకొన్న కుఱ్ఱవాడు తల వంచుకొన్నచో, మఱియొకసారి యడుగుడు. నన్ను రెండవసారి యడిగి యుండినచో చెప్పియుందునేమో యని నేటికిని అనుకొందును.

హంపిలో విరూపాక్షుని రంగమండపపు కప్పును మీలో పలువురు చూచి యుందురు. అచట మన్మథుడు శివునిమీద పూబాణ మెక్కుపెట్టి యున్నాడు. ఆ కప్పుక్రిందనే భక్తులు నడచి, లోపల శివుని దర్శించి వత్తురు. ఒకదానివలన మఱియొకదానికి భంగము కలుగలేదు. ఉదయగిరి కవులు రతీమన్మథులను సభకు పిలిచి వివేకుని గెలిపించినది ఈ ధైర్యముతోనే.

ఈసారి మీరు ఆత్మకూరునుండి ఉదయగిరి కొండవైపు పోవునప్పుడు, త్రోవలోని ఏ పాతగుడియందైనను దిగి, తెల్లని స్తంభములను చేతితో తడవి చూడుడు. సున్నము క్రింద ఎవరో ఒకరు అద్దము పట్టుకొని యుండవచ్చును.